ఖాకీ కాగితం అంటించిన కిటికీ

పగిలిన కిటికీ అద్దాన్ని, కొత్తది వచ్చేదాకా ఊడి పడకుండా నిలబెట్టడం ఎలాగో నన్నడగండి. పగులు మీద సబ్బు రుద్దడం, గోళ్ళరంగు పూయడం, మైదా ఉడకబెట్టి కాగితం పట్టీలు అతికించడం, రాలిపోయిన ముక్క చోట ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి కూర్చడం, అన్నీ చేసినదాన్నే. ఇందులో ప్రాణాల మీదికి తెచ్చేది ఏదీ లేదు. అయినా నేను చేసిన ఆ పని వల్ల ఒక సాయంత్రం ఢిల్లీ కంటోన్మెంటులో మా లైను లైనంతా దీపాలార్పుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంది. అందరికంటే ఎక్కువగా హడలిపోయింది మళ్ళీ నేనే.

అది తొంభై తొమ్మిది వేసవి. మా ఆయన సైన్యంలో వైర్‌లెస్ హవల్దారు. కుటుంబాన్ని వెంట తీసుకువెళ్ళడానికి వీల్లేని చోట్లకు పోస్టింగు వస్తే, భార్యాపిల్లల్ని ఉంచడానికి కంటోన్మెంటులో కొన్ని క్వార్టర్లు విడిగా ఉండేవి. అలాంటి ఒక వరసలో, లైను అనేవాళ్ళం దాన్ని, కింది వాటా మాది. అక్కడ మగవాళ్ళు కనిపించారంటే సెలవు మీద వచ్చారని అర్థం. ఆ వేసవిలో సెలవులన్నీ రద్దయ్యాయి. కార్గిల్ వైపు కొండల మీద యుద్ధం మొదలై, మా లైనులో చాలా ఇళ్ళ మగవాళ్ళు అటే వెళ్ళారు. మిగిలింది ఆడవాళ్ళం, పిల్లలం.

పైకి వెళ్ళే ముందు ఆయన లైను చివర ఉన్న ఎస్టీడీ బూత్‌కి ఫోను చేశాడు. బూత్ భయ్యా గుమ్మం దాకా వచ్చి పిలిస్తే, స్టవ్ మీద పప్పు అలాగే వదిలేసి చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

"పైకెల్తన్నాం. ఇంక ఫోన్లుండవు. గాబరా పడిపోకు," అన్నాడు.

"పైకంటే ఎంత పైకండీ?"

"అలాటివి నువ్వడక్కూడదు, నేను సెప్పకూడదు. పాపేటి సేస్తంది?"

"పడుకుంది. లేపి తేనా?"

"వద్దులే, పడుకోనీ," అంటూండగానే లైను కట్టయింది. పాప గొంతు వినకుండానే వెళ్ళాడు. ఆ తరవాత ఫోను లేదు.

మా లైనులో ఆడవాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. మంచి కబురు బూత్‌కి వస్తుంది, చెడ్డ కబురు జీపులో వస్తుంది. జీపులో ఒక సాహెబు, వెనక సీట్లో తల మీద కొంగు కప్పుకున్న ఒక పెద్దావిడ ఉంటారు. పెద్దావిడ ఎందుకంటే, పడిపోయే మనిషిని పట్టుకోవడానికి. జూన్ మొదట్లో వెనక లైనుకు ఆ జీపు వచ్చింది. నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. ఆ ఇంట్లోంచి వచ్చిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అంతకంటే భయపెట్టిన సంగతి తరవాత తెలిసింది. ఆ ఇంటాయన ఉన్న దళానికి ఏదో అయిందన్న పుకారు ముందు రోజే ఆ లైనంతా పాకిందట. అందరికీ తెలుసు, ఆమె ఒక్కతెకే ఎవరూ చెప్పలేదు. ఎలా చెబుతారు? ఆమె వస్తే మాటలాపేశారట, ఆమె చూస్తే చూపులు తిప్పుకున్నారట. ఆ రోజు నుంచి నాకు రెండు రోగాలు పట్టుకున్నాయి. ఏ ఇంజను చప్పుడు విన్నా చేతిలో పని ఆపేయడం ఒకటి, ఎదుటివాళ్ళ మొహాల్లోకి పరీక్షగా చూడడం రెండోది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆంధీ వచ్చింది. ఢిల్లీలో ఆ కాలంలో వచ్చే దుమ్ము తుపానును అక్కడ అలాగే అంటారు. ఆకాశం పసుప్పచ్చగా మారి, క్షణంలో కళ్ళు కనిపించకుండా పోతాయి. వీధి వైపు గదిలో కిటికీ కొక్కెం ఎప్పటి నుంచో వదులు. గాలికి ఇనప రెక్క ఒక్కసారిగా వెనక్కి వెళ్ళి గోడకు కొట్టుకుని మళ్ళీ వచ్చి మూసుకుంది. ఆ చప్పుడు బాంబు పేలినట్టే అనిపించింది నాకు. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి చూస్తే, అద్దం మీద పైమూల నుంచి కిందిమూల దాకా ఒక పగులు. కింద అరచేతంత ముక్క ఊడి పాప మంచం మీద పడి ఉంది. పాప అప్పుడు నా వెనకే వంటింట్లో ఉంది కాబట్టి సరిపోయింది. మంచం మీది గాజు పెంకులు చూసి, జరగని దానికి కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే క్వార్టర్ల మరమ్మతులు చూసే ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి బాబు ఫైలు మీంచి తలెత్తకుండానే స్టాకులో అద్దాలు లేవన్నాడు. ఇలాంటి సమయంలో అద్దాలు అడుగుతారేంటి మేడం, అని పైగా ఎదురు ప్రశ్న. ఇలాంటి సమయంలోనే నా ఇంట్లోకి వడగాలి వస్తోంది బాబూ, అని చెప్పాలనుకున్నాను కానీ నా హిందీ అంత దూరం వెళ్ళదు. కోపమొస్తే అసలే రాదు. "అచ్ఛా, ఠీక్ హై," అని కస్సుమని చెప్పి వచ్చేశాను. ఆ రెండు మాటల్లో ఎంత కోపం పట్టిందో అంతే.

ఇంక నా చేతనైంది నేను చేసుకున్నాను. ముందు సెలోటేపు అంటించాను. ఢిల్లీ జూన్ ఎండ ముందు సెలోటేపు ఎంత? మధ్యాహ్నానికల్లా జిగురు కరిగి, చివర్లు చుట్టుకుపోయి, దుమ్మంతా దానికే పట్టుకుంది. తరవాత పొడి సబ్బుబిళ్ళ పగులులోకి నొక్కి రుద్దాను. దుమ్ము ఆగింది గానీ రెక్క కదిలినప్పుడల్లా పగులు కిర్రుకిర్రుమనేది. పగులు ముందుకు పాకకుండా ఉండాలంటే గోళ్ళరంగు పూయాలని ఎక్కడో విన్నాను. రంగులేనిది అయితే బాగుండేది. నా దగ్గరున్నది ఎర్రది, పెళ్ళిళ్ళకు వేసుకునేది. అదే పూశాను. పగులు నిజంగానే ఆగింది. కానీ ఎండ పడేసరికి అద్దం మీద పైనుంచి కిందికి ఎర్రటి చార.

మా పాప బళ్ళో హిందీ నేర్చుకుని ఇంట్లో కూడా హిందీయే మాట్లాడేది. మంచం మీంచి తలెత్తి చూసి, "మమ్మీ, ఖూన్!" అంది.

రక్తం కాదమ్మా, రంగు, అని చెప్పాను. చెప్పాను గానీ నాకూ అలాగే కనిపించడం మొదలుపెట్టింది. ఆయన ఎక్కడున్నాడో తెలియని రోజుల్లో పొద్దున్న లేస్తూనే ఆ చార చూడడం నా వల్ల కాలేదు. దాన్ని కప్పేయాలి.

అప్పుడు గుర్తొచ్చింది మా అమ్మ. మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వేలో పనిచేసేవాడు. సముద్రానికి దగ్గరలో ఉన్న మా రైల్వే క్వార్టరుకి గాజు కిటికీలుండేవి. తుపాను కబురు రేడియోలో రాగానే అమ్మ మొదట చేసే పని మైదా ఉడకబెట్టడం. పాత పంచె చింపి, పట్టీలకు మైదా పట్టించి, ప్రతి అద్దానికీ ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు అతికించేది. అద్దం పగిలినా ముక్కలు మా మీద పడకుండా పట్టీకి వేలాడుతూ ఉండేవి. "గాలి మనకి సెప్పి కొట్టదు, పగల్లేదు కదాని ఏ అద్దాన్నీ వదలకు," అనేది.

నా దగ్గర పాత పంచె లేదు. బళ్ళు తెరిచాక పాప పుస్తకాలకు అట్టలు వేద్దామని కొనిపెట్టిన ఖాకీ కాగితం ఉంది. పట్టీలు కోశాను. మైదాలో చన్నీళ్ళు పోసి ఉండ కట్టకుండా కలిపి, సన్నటి సెగ మీద గరిటె తిప్పుతూ పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించాను. పురుగు పట్టకుండా చిటికెడు పసుపు వేశాను. ఊడిపోయిన ముక్క చోట, కిందటేడాది పాప ఉయ్యాల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు తీసిన ఎక్స్‌రే ఫిల్మును కత్తిరించి పెట్టాను. నీళ్ళకు నానదు, గాలికి వంగదు. దాని మీదుగా, ఎర్రచార మీదుగా పట్టీలు అడ్డంగా అతికించాను. బాగా కుదిరింది. తీరా చూస్తే గిన్నెలో సగం మైదా మిగిలిపోయింది. పారేయడానికి మనసొప్పలేదు. మా అమ్మ మాట ఉండనే ఉంది. వీధి వైపున్న మిగతా అద్దాలు అన్నిటికీ, పగలనివాటికి కూడా, అలాగే అడ్డపట్టీలు వేసేశాను.

మిగిలిపోయిన ఆ మైదాయే కొంప ముంచింది.

ఎదురు క్వార్టరులో ఒక పంజాబీ ఆవిడ ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆవిడ భర్తా కొండల మీదే, పదాతి దళంలో సుబేదారు. పిల్లలు ఊళ్ళో అత్తగారి దగ్గర చదువుకుంటున్నారు. ఆవిడ పుట్టింది సరిహద్దుకి ఆనుకున్న ఊళ్ళో. పొడవాటి మనిషి, గొంతూ పెద్దదే. నేను కొత్తగా వచ్చినప్పుడు నన్ను మద్రాసన్ అని పిలిచేది. నేను మద్రాసు మొహమైనా చూడలేదు దీదీ అని మొత్తుకున్నాక, ఛోటీ, అంటే చెల్లీ అని, పిలవడం మొదలుపెట్టింది. నాకు ఆ కాస్త హిందీ వచ్చిందంటే ఆవిడ చలవే. ఆవిడకే కాదు, లైనులో అందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది. వైర్‌లెస్ వాడి పెళ్ళానికి అన్ని కబుర్లూ ముందే తెలిసిపోతాయని. "తుఝే తో సబ్ పతా హోగా, ఛోటీ," అనేది ఆవిడ, నీకన్నీ తెలిసే ఉంటాయంటూ. నాకేం తెలియదు దీదీ, మా ఆయన ఫోనైనా చేయలేదు, అని ఒట్టు పెట్టుకుంటే నమ్మకం ఇంకా గట్టిపడేది. చెప్పకూడదన్న ఆర్డరు ఉందేమోలే అనుకునేవాళ్ళు.

పట్టీలు అంటించిన మర్నాడు ఆవిడ కొత్తిమీర ఇవ్వడానికి వచ్చి, గుమ్మం ముందు ఆగిపోయింది. కిటికీ వైపు చూసింది. మొహంలో రంగు మారింది. వేలితో పట్టీని తాకి, "ఎవరు చెప్పారు నీకు ఇలా చేయమని?" అని అడిగింది.

"మా అమ్మ," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తరవాత గొంతు తగ్గించి, "కాగితం ఇంకా ఉందా?" అంది.

ఆంధీకి ఆవిడ అద్దం కూడా పగిలిందేమో అనుకున్నాను. మిగిలిన ఖాకీ కాగితం చుట్ట ఇచ్చేశాను. కొత్తిమీర నా చేతిలో పెట్టి, ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆవిడ మాట్లాడకుండా వెళ్ళడం అప్పటిదాకా నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం పాపను తీసుకుని బస్సులో సరోజినీ నగర్ వెళ్ళాను. బడికి బూట్లు కొనాలి. ఆ ఎండలో కూడా మార్కెట్టు కిటకిటలాడుతోంది. జనం బేరాలాడుతున్నారు, నవ్వుకుంటున్నారు. వీళ్ళ ఊళ్ళో యుద్ధం లేదు కాబోలు అనుకున్నాను. పాప చేతికి చెమట పట్టేదాకా దాన్ని వదలకుండా పట్టుకుని, బూట్లు కొని, సూర్యుడు దిగే వేళకు లైనుకి తిరిగొచ్చాను.

మలుపు తిరగగానే కాళ్ళు ఆగిపోయాయి.

లైనంతా ప్రతి కిటికీకీ అడ్డపట్టీలు. ఖాకీ కాగితం, పాత పేపర్లు, చీర పీలికలు, ఏది దొరికితే అది. కొన్నింటికి మొత్తం నల్ల కాగితం కప్పేశారు. కింది వాటాలు, పై వాటాలు, ఆ చివర నుంచి ఈ చివర దాకా.

నన్ను చూసి చేశారేమో అనుకున్నాను మొదట. ఎందుకు చేస్తారు? నాకు అద్దం పగిలింది, పైగా మైదా మిగిలింది. వీళ్ళందరికీ మైదా ఎందుకు మిగులుతుంది? బాగున్న అద్దాల మీద వెలుతురు రాకుండా కాగితాలు అంటించుకునే పిచ్చి ఎవరికీ లేదు. ఏదో కబురు వచ్చింది. నేను బజారులో ఉండగా వచ్చింది.

అరుగుల మీద ఆడవాళ్ళు గుంపులుగా నిలబడి ఉన్నారు. నేను దగ్గరకు రాగానే మాటలు ఆగిపోయాయి. ఒకావిడ నా చేతిలో సంచి వైపు చూసింది. ఇంకొకావిడ చూపు తిప్పుకుంది. పాప పరిగెత్తబోతే ఎవరో తమ పిల్లను లోపలికి లాక్కున్నారు. దీదీ తన గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎప్పుడూ నన్ను చూడగానే చెయ్యి ఊపే మనిషి, ఊపలేదు.

వెనక లైను ఆవిడ గుర్తొచ్చింది. అందరికీ తెలుసు, ఆమె ఒక్కతెకే తెలియదు.

ఏమైందని అడగొచ్చు. నోరు తెరిస్తే వచ్చే మాటే కదా. కానీ అడిగితే చెప్పేస్తారని భయం. అడక్కపోతే ఇంకాసేపు ఏమీ కానట్టే. పాప చెయ్యి పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా నడిచి, తాళంచెవి రెండుసార్లు కింద పడేసి, ఎలాగో లోపలికి వెళ్ళి గడియ వేశాను.

పాప ఆకలేస్తోందంది. అన్నం కలిపాను. మజ్జిగనుకుని నీళ్ళే పోశానో, ఉప్పేశానో లేదో, ఏమీ గుర్తులేదు. చీకటి పడుతుంటే లైటు వేశాను. అంతే, బయటి నుంచి ఎవరో అరిచారు.

"బత్తీ బంద్ కరో! బంద్ కరో!"

లైటు ఆర్పేశాను. కిటికీ పట్టీల సందులోంచి చూస్తే, వీధి దీపం తప్ప ఏ ఇంట్లోనూ వెలుతురు లేదు. ఎక్కడా టీవీ చప్పుడు లేదు. కుక్కర్ల కూత కూడా లేదు. అంత ఉక్కలో పిల్లలు సైతం ఏడవడం లేదు. చీకట్లో పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని తల మీద గడ్డం ఆనించి, నాకు తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ వరసగా తలుచుకున్నాను. మొక్కులేమీ మొక్కలేదు. ఏం మొక్కాలో తోచలేదు. పేర్లే చెప్పుకున్నాను.

అప్పుడు వినిపించింది జీపు.

నీళ్ళ ట్యాంకరు కాదు, పాల వ్యాను కాదు. ఆ చప్పుళ్ళు నాకు తెలుసు. జీపు మా లైనులోకి తిరిగి, మెల్లగా వచ్చి, మధ్యలో ఆగింది. ఒక మగ గొంతు ఏదో గట్టిగా అడిగింది. జవాబుగా చాలా మంది ఆడవాళ్ళు ఒక్కసారి మాట్లాడారు. బూట్ల చప్పుడు మా ఇంటి వైపే వచ్చింది. టార్చి వెలుతురు కిటికీ మీద పడి, ఎక్స్‌రే ఫిల్ములోంచి పాప చేతి ఎముకలు గది గోడ మీద కనిపించాయి. తలుపు తట్టారు.

నేను లేవలేదు. నాకప్పుడు ఒక్కటే ఆలోచన. తలుపు తీయనంతసేపూ మా ఆయన బతికే ఉంటాడు. తట్టనీ. రాత్రంతా తట్టనీ. నేను తీయను.

రెండోసారి తట్టారు. పాప నా ఒళ్ళోంచి జారిపోయింది. పట్టుకుందామంటే నా చేతులు నా మాట వినలేదు. అది స్టూలు లాక్కెళ్ళి, ఎక్కి, గడియ తీసేసింది.

గుమ్మంలో ఒక సాహెబు. వెనకాల చీకట్లో ఎవరెవరో. పెద్దావిడ ఉందా అని చూశాను. కనిపించలేదు. ఉన్నా కనిపించదనుకున్నాను.

"ఇదంతా ఎవరి ఆర్డరు?" అని అడిగాడు ఆయన హిందీలో. "బ్లాకౌటని ఎవరు చెప్పారు? లైనంతా మీ ఇంటినే చూపిస్తోంది. మీకు ఎక్కడి నుంచి వచ్చింది కబురు?"

ప్రతి మాటా విన్నాను, ఒక్కటీ అర్థం కాలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. దుమ్ము తుపానుకి అద్దం పగిలితే మమ్మీ మైదాతో అతికించిందని పాపే తలెత్తి ఆయనకు చెప్పింది.

"అంకుల్, ఆంధీ మే శీషా టూట్ గయా థా. మమ్మీ నే మైదా సే చిప్కాయా." తరవాత ఎక్స్‌రే చూపించి, "యే మేరా హాథ్ హై," అని కూడా చెప్పింది, అది తన చెయ్యేనని గొప్పగా.

సాహెబు టార్చి వేసి దగ్గరగా చూశాడు. కాగితం కింద ఎర్రచారను గోటితో గీకాడు. ఎక్స్‌రే చూశాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. నవ్వు ఆపుకున్నాడో కోపం ఆపుకున్నాడో తెలియలేదు. బయటికి వెళ్ళి, బ్లాకౌటూ లేదు ఏమీ లేదు, అద్దం పగిలి అంటించుకున్నారు, లైట్లు వేసుకోండి, రేపటికల్లా కాగితాలన్నీ పీకేయండి అని అరిచి చెప్పాడు. జీపు వెళ్ళిపోయింది. ఒక్కో ఇంట్లో లైటు వెలిగింది. నేను మాత్రం గోడ వదల్లేక అక్కడే కిందికి జారి కూర్చున్నాను.

దీదీ పరిగెత్తుకొచ్చింది. వచ్చి ముందు నా వీపు మీద ఒక్కటి చరిచింది. తరవాత కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. డెబ్భై ఒకటి యుద్ధంలో ఆవిడ చిన్నపిల్ల. వాళ్ళ ఊళ్ళో విమానాలు వస్తాయన్నప్పుడు వాళ్ళ నాన్న సరిగ్గా ఇలాగే అద్దాలకు కాగితం పట్టీలు వేసి, దీపం వెలుతురు పైకి కనిపించకుండా సందులకు నల్ల కాగితం కప్పేవాడట. వైర్‌లెస్ వాడి పెళ్ళాం ఒక పొద్దున్నే లేచి పగలని అద్దాలకు కూడా పట్టీలు వేసిందంటే, ఢిల్లీ మీదికి విమానాలు వస్తున్నాయన్న కబురు ఆమెకు అందినట్టేనని లైనంతా తీర్మానించేశారు.

"మరి నాతో ఎవరూ మాట్లాడలేదేం దీదీ? నేను చచ్చిపోయాననుకోండి ఇవాళ."

"నువ్వు మాతో చెప్పలేదని కోపం," అంది. "పాపను తీసుకుని సంచితో వెళ్ళావు. పారిపోయావనుకున్నాం."

మా ఊళ్ళో ఈ పట్టీలు గాలివానకు వేస్తారు దీదీ, అని చెప్పాను. బాంబులకు కూడా వేస్తారని నాకేం తెలుసు?

మర్నాడు అందరూ కాగితాలు పీకేశారు. నావి ఉంచుకోవచ్చని సాహెబే చెప్పాడు, అద్దం నిజంగా పగిలింది కాబట్టి. దీదీ మాత్రం పీకలేదు. అడిగితే, "ఉండనీ. చిన్నప్పుడు కాగితం ఉన్న మా ఇంటి మీద బాంబు పడలేదు," అంది. ఆ తరవాత కూడా ఆవిడకు నా మీద నమ్మకం పూర్తిగా పోలేదనిపించేది. సాయంత్రాలు పక్కన కూర్చుని, మాటల మధ్యలో ఆగి నా మొహంలోకి చూసేది. నేనూ ఆవిడ మొహంలోకి అలాగే చూసేదాన్ని. ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం దాచిన కబురు వెతుక్కునేవాళ్ళం.

జులైలో వాన మొదలైంది. మైదాకి నీళ్ళంటే గిట్టదు. నా పట్టీలు ఉబ్బి, బూజు పట్టి, ఊడి వేలాడాయి. దీదీవి లోపలి వైపు వేసినవి కాబట్టి నిలిచాయి. ఒక పొద్దున్న వాన వెలిశాక మళ్ళీ ఉడకబెట్టాను. దీదీ సాయానికి వచ్చింది. నేను లోపలి నుంచి, ఆవిడ బయటి నుంచి తడి కాగితాలు గీకాం. తరవాత ఆవిడ అరుగు మీద కూర్చుని పట్టీలకు మైదా పూసి ఇస్తుంటే నేను అతికిస్తున్నాను. ఇద్దరికీ మోచేతుల దాకా మైదా. టీవీలో కొండలు ఒక్కొక్కటే మనవాళ్ళ చేతికి వస్తున్నాయని చెబుతున్న రోజులు. ఇంక అయిపోవచ్చింది ఛోటీ, వచ్చేస్తారు, అంటోంది ఆవిడ.

జీపు మలుపు తిరిగింది.

ఈసారి వెనక సీట్లో పెద్దావిడ ఉంది. తెల్ల చీర కొంగు తల మీదుగా కప్పుకుని. పట్టపగలు, ఇద్దరం చూశాం.

నా చేతిలో పట్టీ జారిపోయింది. జీపు మా ఇంటికీ దీదీ ఇంటికీ మధ్య ఆగింది. సాహెబు దిగాడు. చుట్టూ చూశాడు. రెండు ఇళ్ళ కిటికీలకూ ఖాకీ పట్టీలే. మా వైపు అడుగు వేశాడు. పడిపోతున్నానని తెలుస్తోంది. అప్పుడు దీదీ లేచి నన్ను రెండు చేతులతో పొదివి పట్టుకుంది. మైదా చేతులతోనే. నా తల తన భుజానికి అదుముకుని, "మై హూఁ నా, ఛోటీ, మై హూఁ నా," అంటోంది, నేనున్నాను కదా అని. ఆవిడ గుండె నా చెవి కింద దడదడలాడుతోంది.

సాహెబు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. సుబేదారు గారి భార్య ఎవరని అడిగాడు.

మా లైనులో సుబేదారు ఒక్కరే.

దీదీ చేతులు నన్ను వదల్లేదు. వెంటనే వదల్లేదు. నా మణికట్టును పట్టుకున్న చెయ్యి ఇంకా బిగిసింది. మెల్లగా మొహం వెనక్కి తీసి, సాహెబును కాదు, నన్ను చూసింది. ఏడవలేదు, అరవలేదు. చాలా చిన్న గొంతుతో అడిగింది.

"తుఝే పతా థా?"

నీకు తెలుసా, ముందే? అని.

"లేదు దీదీ," అన్నాను. తెలుగులోనే అన్నాను. హిందీలో చెప్పాలని గుర్తొచ్చేసరికి పెద్దావిడ వచ్చి ఆవిడ భుజాలు పట్టుకుంది. ఆవిడను లోపలికి తీసుకెళ్ళారు. ఆ సాయంత్రం దాకా నేను ఆవిడ గుమ్మంలోనే కూర్చున్నాను. నా మణికట్టు మీద ఆవిడ వేళ్ళ గుర్తులతో మైదా ఎండిపోయింది. కడుక్కోబుద్ధి కాలేదు. కొద్ది రోజులకు అత్తవారి తరపువాళ్ళు వచ్చి ఆవిడను ఊరికి తీసుకెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు నన్ను దగ్గరకు తీసుకుంది గానీ, ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. నమ్మిందో లేదో నాకు తెలియదు.

మా ఆయన దీపావళి ముందు వచ్చాడు. మొహం నల్లగా కమిలిపోయి, సగమయ్యాడు. పాప మొదట దగ్గరకు వెళ్ళలేదు. అప్పటికీ స్టాకులోకి అద్దం రాలేదు. ఆయనే జనక్‌పురి వెళ్ళి అద్దం కోయించుకొచ్చి, అద్దం చుట్టూ ఉన్న పాత లప్పం గీకి, కొత్తది బిగించాడు. తీసిన పగులు ముక్కను పాత పేపర్లో చుడుతూ, ఎర్రచార చూసి, "ఇదేటి?" అన్నాడు.

జరిగిందంతా చెప్పాను. సాహెబు రావడం, పాప ఎక్స్‌రే చూపించడం చెబుతుంటే నవ్వాడు. ఎదురింటి దీదీ దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఆవిడ నన్నేమడిగిందో చెప్పాను. తరవాత, నేను అడగకూడనిదే అడిగాను.

"పోయినోళ్ళ పేర్లు మీ వైర్‌లెస్ సెట్టు మీదే కిందికి వస్తాయేటండీ?"

ఆయన పేపరు చుట్టడం ఆపలేదు. దాని మీద పురికొస ముడి వేశాక, "ఆ రోజు సెట్టు కాడున్నది నేనే," అన్నాడు.

ఎదుటి క్వార్టరులోకి ఇంకా ఎవరూ రాలేదు. కొత్త అద్దంలోంచి చూస్తే దాని కిటికీకి ఖాకీ పట్టీలు అలాగే ఉన్నాయి.